మట్టిలో కూరుకుపోయిన రోజా మెడ

నా చిన్నప్పుడు మా ఊరు బేరిగైలో నాటడమంటే టమోటా నారు నాటడమే. కాడ సగం దాకా మట్టిలోకి దించితే పక్కల నుంచి కూడా వేళ్లు పోసుకుంటుంది, గాలికి పడిపోదు. తొమ్మిదేళ్లకే ఆ పని నాకు కొట్టిన పిండి. దాని గురించి నాకున్న పొగరు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

మా అత్త, అంటే నాన్న చెల్లెలు, మొగుడు పోయాక మా ఇంటికే వచ్చేసింది. హోసూరు చుట్టుపక్కల అందరూ రోజాలు వేస్తున్న రోజులవి. ఒకరి చేతికింద బతకనని, తానూ రోజాలు వేస్తానని తాతయ్య వెంటపడింది. ఆయనకు టమోటా తప్ప వేరే పంట మీద నమ్మకం లేదు. చివరికి బావి పక్క మడి ఇచ్చి, మొదటి పూత చూస్తాను, బాగా రాకపోతే మళ్లీ టమోటానే అన్నాడు. అత్త ఆశంతా ఆ మడి మీదే.

నర్సరీ నుంచి అంటు మొక్కలు తడి గోనెల్లో వచ్చాయి. అత్త మొదటి సాలు నాటుతూ, చూసి నేర్చుకోమంది. చూడటానికేముంది? ఆమె ఒకటి నాటేలోపు నేను నాలుగు నాటాను, టమోటా నారులాగే లోతుగా. రెండు సాళ్లు ముగించి మెచ్చుకుంటుందని నిలబడితే, అత్త తల పట్టుకుంది.

"ఏమ్మే, ఇదేమన్నా టమోటా నారా? అంటు కట్టిన ముడి యాడుందో చూసినావా?"

నాకు ముడీ కనబడలేదు, గిడీ కనబడలేదు. అన్నీ మట్టి కొట్టుకుపోయిన పుల్లలే. అత్త ఒక మొక్కను పైకి లాగి, నా బొటనవేలు పట్టుకుని కాడ మీద కింది నుంచి పైకి రుద్దించింది. ఒకచోట ఉబ్బు తగిలింది. అక్కడే కాడ కాస్త వంకర తిరిగి ఉంది, ప్లాస్టిక్ పట్టీ ముక్క కూడా అంటుకుని ఉంది.

"కిందుండేది అడవి రోజా, దానికి వేళ్ల పనే. పైనుండేది మన పువ్వు. దాని మెడ మట్టిలో పూడిస్తే ఎట్లా బతకతాదే?"

అన్నీ పైకి తీసి, ముడి మట్టికి రెండు వేళ్ల ఎత్తున ఉండేలా మళ్లీ నాటమంది. ఒళ్లు మండిపోయింది. చేసిన పనే మళ్లీ చేయడం కంటే పెద్ద శిక్ష ఉంటుందా? గొణుక్కుంటూ నాటాను. చివరి పన్నెండు మొక్కల దగ్గర ఓపిక చచ్చింది. ఎవరు చూడొచ్చారులే అని వాటిని అలాగే వదిలేసి, అయిపోయిందన్నాను.

ఆ పన్నెండే అన్నిటికంటే ఏపుగా లేచాయి. సన్నటి కొమ్మలు, చిన్న చిన్న ఆకులు, అన్నీ కిందున్న అడవి రోజావే. అత్త కత్తిరించేకొద్దీ మళ్లీ వచ్చేవి. మిగతావి మొగ్గ తొడిగినా వాటికి ఒక్క మొగ్గా లేదు. పూత చూడటానికి వచ్చిన తాతయ్య సరిగ్గా అక్కడే ఆగాడు. ఒక మొక్క పీకి చూస్తే, మట్టిలో ఉన్న ముడి నల్లగా కుళ్లిపోయి ఉంది. ఎవరు నాటారని అడిగాడు. నేను అత్త వెనక్కి జరిగాను.

"నేనే నాయినా, తొందరపడినాను," అంది అత్త. నా వైపు చూడనైనా లేదు.

మిగిలిన సాళ్లు నిండుగా పూశాయి కాబట్టి మడి ఆమెకే నిలిచింది. కానీ తాతయ్య బతికినన్నాళ్లూ ఆమెను "ముడి చూడని రైతు" అని దెప్పుతూనే ఉన్నాడు. అత్త నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఆమె మీదే కోపం వచ్చేది.

ఇప్పుడు నర్సరీకి వెళ్తే ప్రతి అంటునూ బొటనవేలితో తడిమి గానీ తీసుకోను. తొందరగా కానీయమ్మా అని వాళ్లు విసుక్కుంటారు, నేనూ విసుక్కుంటాను. వేలికి ఆ ఉబ్బు తగిలినప్పుడల్లా, ఆ పన్నెండూ నేను నాటినవేనని తాతయ్యకు ఒక్కరోజైనా చెప్పని నా నోరు గుర్తొస్తుంది.