ఊపిరి బిగబట్టి కుప్పం దాకా

మదనపల్లె నుంచి కుప్పం పోవాలనుకునేవాళ్లు నేరుగా పోయే బస్సు కోసం కాచుకుని కూర్చోవద్దు. పుంగనూరులో దిగండి, పలమనేరులో మారండి, తొందరగా చేరతారు. నేనూ నా మనుమరాలు కవితా అట్లే పోయాం.

కవిత పరుగు పిల్ల. కుప్పంలో ఆటల హాస్టలుకు ఆడపిల్లలను ఏరుకుంటారని వాళ్ల బడి సారు చెప్పాడు. అందులో చేరితే చదువూ తిండీ వాళ్లే చూసుకుంటారు. చేరకపోతే పదో తరగతి కాగానే బెంగుళూరుకు పంపి, మేనత్త పనిచేసే బట్టలు కుట్టే కంపెనీలో పెట్టాలని వాళ్ల నాయన, అంటే నా కొడుకు, తీర్మానం చేసుకున్నాడు. వాడికి పొలం పనే తీరదు. అందుకని తోడుగా నేను బయలుదేరాను.

మా ఊరు పుంగనూరు రోడ్డు మీదే ఉంది. కానీ ఊరి దగ్గర ఎక్కితే సీటు దొరకదు. వెనక్కి మదనపల్లె పోయి ఏడున్నరకు అక్కడ ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి డబ్బులు నా ఒక్కడికే. బస్సు బోర్డు నేనే చదివాను. అరవై దాటినాక, కవిత ఒకటో తరగతి పుస్తకం చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు. ‘ఇది యాడికి పోతాదప్పా’ అని పక్కవాణ్ణి అడగకుండా బస్సెక్కడం చిన్న సుఖం కాదు.

బస్సు కదలగానే కవిత ముక్కు పట్టుకుంది. ఒక కిలోమీటరు రాయి కనబడగానే ఊపిరి బిగబట్టి, రెండో రాయి వచ్చేదాకా వదలదు. ఇది వేసవి సెలవుల నుంచి సాగుతున్న సాధన. ముక్కు మూసుకుని కూర్చుంటే కొండల మీద పరిగెత్తినంత దమ్ము వస్తుందని ఫోనులో ఎవరో చెప్పాడట. పొద్దున పరుగు తగ్గించి అరుగు మీద ముక్కు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. నేను వద్దనలేదు. వయసులో నేను కబడ్డీ ఆడినవాణ్ణి. ఒక్క దమ్మున కూత పెట్టి ముగ్గురిని తాకి వచ్చినవాణ్ణి. ఆటంతా దమ్ములోనే ఉందని నా నమ్మకం. ఫోనులో గడియారం చూసి చెప్పే పని కూడా నాదే.

మా పక్క సీటులో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ ఒళ్లో బైబిలు సంచి పెట్టుకుని కూర్చుంది. పేరు సుగుణమ్మ. మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిందట, పుంగనూరులో చెల్లెలి ఇంటికి పోతోంది. కవితను కాసేపు చూసి నన్ను అడిగింది.

“యాలప్పా, ఆ పాప ముక్కు పట్టుకోనుండాది? నా చీర ఏమన్నా వాసనొస్తాందా?”

కవిత ఫక్కున నవ్వి ఊపిరి వదిలేసింది. ఇది పరుగు కోసం చేసే సాధన అని చెప్పాను.

“ఊపిరి బిగబట్టేది నేర్సుకుంటే ఊపిరి బిగబట్టేదే వస్తాది. పరిగెత్తేది యాడ వస్తాదప్పా?”

నాకు కోపం వచ్చింది. “కబడ్డీలో మేం బిగబట్టి ఆడలేదా అమ్మా? దమ్ము లేనోడు గీత దాటేవాడే కాదు.”

“బిగబట్టినావా? అట్లయితే ఇప్పుడు కూత పెట్టు. నోటికాడ సెయ్యి పెట్టుకోని సూడు.”

పంతానికి పోయాను. నోటికి ఎదురుగా అరచెయ్యి పెట్టుకుని ‘కబడ్డీ కబడ్డీ’ అని అందుకున్నాను. మెల్లగానే మొదలుపెట్టాను గానీ పాత అలవాటు, గొంతు లేచింది. బస్సంతా తిరిగి చూసింది. వెనక సీటులోనుంచి ఎవడో “పట్టండప్పా, ఆయప్ప కాలు పట్టండి” అని అరిచాడు. కండక్టరు టికెట్లు ఆపి, “పెద్దాయనా, ఆ గీత దాటితే ఇంకో టికెట్టు కొట్టల్ల” అన్నాడు.

నవ్వేవాళ్లు నవ్వారు. నేను అరచెయ్యి చూసుకుంటున్నాను. కూత మొదలైనప్పటి నుంచి ఆగేదాకా వేడిగాలి తగులుతూనే ఉంది. అంటే మేం ఊపిరిని బిగబట్టలేదు, కొంచెం కొంచెంగా వదిలాం. అన్నేళ్లు ఆడి కూడా ఈ సంగతి నాకు తెలియలేదు.

సుగుణమ్మ కవిత వైపు తిరిగింది. “కాళ్లు గాలి అడుగుతాయి తల్లీ. పరిగెత్తితేనే ఆ గాలి ఇచ్చేది గుండెకు అలవాటయితాది. ఇంకోటి సెప్తా విను. నీళ్లలో మాత్రం ఒక్కదానివే ఈ పని సెయ్యొద్దు. తెలివి తప్పితే పైకి తీసేవాళ్లు ఉండరు.”

పుంగనూరులో ఆమె దిగి తన దారిన పోయింది. మేం బస్టాండు ఎదుట రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి తిన్నాం. నేను తిన్నాను, కవిత కెలికింది.

“తాతా, బడి గ్రౌండులో పూర్తిగా రెండు సుట్లు పరిగెత్తి శానా దినాలయింది” అంది.

“ముందే యాల సెప్పలేదు?”

“దమ్ము వస్తాంది కదా, సాల్లే అనుకున్యా.”

నేనూ అదే అనుకున్నాను కాబట్టి తిట్టలేకపోయాను.

పలమనేరు దాటినాక దారి బాగుంటుంది. మామిడి తోటలు, బండరాళ్లు, కట్టెలకు కట్టిన టమోటా చేలు. బస్సులో తెలుగుతో పాటు అరవం, కన్నడం కూడా వినబడతాయి. పన్నెండు దాటినాక కుప్పం చేరి, స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, నీళ్లు మాత్రం అడిగి తెప్పించుకోవాలి.

సాయంత్రం పందెం పెట్టే మైదానానికి పోయి కవితను ఒక చుట్టు పరిగెత్తమన్నాను. మలుపు దగ్గర చూస్తే బుగ్గలు ఉబ్బి, మూతి బిగుసుకుని ఉంది.

“మూతి యాల బిగించినావు?”

“నేను బిగించలేదే!”

అరుగు మీది అలవాటు పరుగులోకి వచ్చింది. ఆ పిల్లకే తెలియకుండా ఊపిరి ఆగుతోంది. ఈ ఒక్క రాత్రిలో కొత్త దమ్ము రాదు, ఆ మూతినైనా తెరిపించాలనుకున్నాను. “పాపా, కబడ్డీలో మళ్లీ పీలిస్తే అవుటు. ఈడ పీల్చకపోతే అవుటు. అంతే గుర్తుపెట్టుకో” అన్నాను.

మరునాడు పొద్దున పందెం. రెండు చుట్లు. ముగ్గురినే తీసుకుంటారు. మొదటి చుట్టులో కవిత అందరికంటే ముందుంది, నోరు తెరిచే ఉంది. నేను గట్టు మీద నిలబడిపోయాను. రెండో చుట్టు సగంలో కాళ్లు బరువెక్కాయి. ఒక పిల్ల దాటింది, ఇంకో పిల్ల దాటింది. ఐదో మనిషిగా వచ్చి గడ్డిలో కూలబడింది.

పేర్లు రాసుకునే మేడం దగ్గరికి వచ్చింది. “అడుగు బాగుండాది నీది. దినామూ ఎంత పరిగెత్తతావు?”

కవిత నా వైపు చూసి, నిజమే చెప్పింది. “ముక్కు మూసుకోని కూర్సుంటాను మేడం.”

మేడం నవ్వలేదు. “ఎండాకాలం ముందర ఇంకోసారి ఏరతాం. అంతదాకా పరిగెత్తి, అప్పుడు రా” అంది.

మధ్యాహ్నం బస్సులో కవిత కిటికీ పక్కన కూర్చుంది. ముక్కు పట్టుకోలేదు. పలమనేరు దగ్గర నా వైపు తిరిగింది.

“నాయన ఏమంటాడో తాతా.”

“ఎండాకాలం దాకా ఆగమని నేను సెప్తా. ఆగనంటే ఇంటి ముందర నిలబడి కూత పెడతా. ఊరంతా వస్తాది.”

అప్పుడు నవ్వింది.

పుంగనూరులో మారి మదనపల్లె బస్సు ఎక్కాం. మా ఊరికి ఇంకా నాలుగు స్టాపులు ఉండగా కవిత లేచి, సంచి నా ఒళ్లో పెట్టింది.

“నేను ఈడ దిగతా తాతా.”

“ఇది మీ ఊరు కాదు కదా పాపా” అన్నాడు కండక్టరు.

“పరిగెత్తి పోతాన్నా.”

దిగింది. అవతలి స్టాపులో టమోటా పెట్టెలు పైకెక్కిస్తూ బస్సు చాలాసేపు ఆగింది. అక్కడ కవిత మమ్మల్ని దాటుకుని పోయింది. తరువాత బస్సు ఆమెను దాటింది. కిటికీలోనుంచి తల బయటికి పెట్టి చూశాను. మూతి బిగించలేదు.

ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది ఒక్కటే. అరుగు మీద కూర్చుని దాచుకున్న ఊపిరి అరుగు మీదికే పనికొస్తుంది. పరుగుకు కావలసింది రోడ్డు మీదే దొరుకుతుంది.

మా స్టాపులో దిగి, సంచి పట్టుకుని నిలబడ్డాను. పొద్దు వాలుతోంది, మలుపు అవతల ఏమీ కనబడడం లేదు. కాసేపటికి మనిషి కంటే ముందు ఊపిరి వినబడింది. పీల్చడం, వదలడం, మళ్లీ పీల్చడం. గడియారం చూడలేదు. ఇంటివైపు చెయ్యి చూపించి, నేను పక్కకు తప్పుకున్నాను.