బండవేషానికి దాచిన ఐసు షర్బత్

ఆ రోజు పొద్దుటి నుంచీ నేను చేసిన పనల్లా ఒక్కటే. ఫ్రిజ్ తెరవడం, పై అరలో చెయ్యి పెట్టి చూడటం, మళ్ళీ మూసేయడం. కరెంటు పోయింది. గంగమ్మ జాతర రోజుల్లో ఊరేగింపులకు తీగలు అడ్డమని మా వీధుల్లో కరెంటు తీసేయడం మామూలే. కానీ ఆ పై అరలో ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో గడ్డ కట్టించిన నిమ్మకాయ షర్బత్ ఉంది. అది ఒక మనిషి కోసం దాచింది. ఆ మనిషి వస్తాడో రాడో తెలియదు. ఐసు కరగడం మాత్రం మొదలైపోయింది.

"మాటిమాటికీ తెరస్తా ఉంటే ఇంకా తొందరగా కరిగిపోతాది," అన్నాడు మా ఆయన, వరండాలో కూర్చుని పాత క్యాలెండర్ అట్టతో విసురుకుంటూ.

"మీరు గమ్మునుండండి," అన్నాను.

ఆయన చెప్పింది నిజమే. నిజం చెప్పేవాళ్ళంటేనే నాకు ఆ రోజు ఒళ్ళు మండింది.

ఆ మనిషి మా తమ్ముడు. మా పాప పెళ్ళి నాటి నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. వాడుండేది కూడా తిరుపతిలోనే, రేణిగుంట రోడ్డు వైపు. మాది గంగమ్మ గుడికి దగ్గర. ఆటో ఎక్కితే ఒక కునుకు తీసేలోపు చేరిపోయే దూరం. అయినా ఎదురుపడితే వాడు రోడ్డు దాటేస్తాడు, నేను చేతిలో సంచి సర్దుకుంటాను.

ఈ ఊరి జాతర గురించి బయటి వాళ్ళకు కాస్త చెప్పాలి. ఎండలు ముదిరిన మే నెలలో వస్తుంది. చాటింపు వేసిన తర్వాత జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి వేరేచోట రాత్రి ఉండకూడదు. రోజుకో వేషం. అందులో బండవేషం రోజున మొక్కు ఉన్న మగవాళ్ళు ఒంటినిండా కుంకుమ పూసుకుని, మెళ్ళో పూలదండలు వేసుకుని, డప్పులతో వీధివీధి తిరుగుతూ కనబడిన వాళ్ళనల్లా తిడతారు. నేను ఇక్కడ రాయలేని మాటలు కూడా తిడతారు. ఎవరూ కోపం తెచ్చుకోరు. చేతులు జోడించి నవ్వుతూ నిలబడతారు. వేషం వాడు తిడితే ఆ ఇంటికి మంచి జరుగుతుందని నమ్మకం. అసలు చిక్కంతా తిట్టకుండా పోతేనే. మా అత్తగారి కాలంలో, తిట్టించుకోకుండా మిగిలిపోయిన ఇల్లాలు ఆ పూట అన్నం సరిగా తినేది కాదట.

మా తమ్ముడికి చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు మా అమ్మ మొక్కుకుంది. అప్పటి నుంచీ ఏటా వాడు బండవేషం కడతాడు. మా వీధిలోకి రాగానే ముందు మా గేటు దగ్గరే ఆగి, బావను, నన్ను కరువుతీరా తిట్టి, షర్బత్ తాగి పోయేవాడు. పాప పెళ్ళయిన తర్వాత తన గుంపును మా వీధి మలుపు దగ్గరే పక్క వీధికి తిప్పేయడం మొదలుపెట్టాడు. డప్పులు దగ్గరికొచ్చినట్టే వచ్చి దూరమైపోయేవి. నేను లోపలికి వెళ్ళి ఏదో ఒక గిన్నె తోముకునేదాన్ని.

ఈసారి జాతర మొదలైన రోజే పక్కింటి పెద్దామె గోడ మీదుగా కబురు చెప్పింది.

"మీ తమ్ముడు గుడికాడ కనపడినాడు. ఈసారి ఈ వీధికే వస్తాడంట, సూడు."

"వస్తే రానీలే," అన్నాను. అనేసి నేరుగా నిమ్మకాయలకు బజారుకు వెళ్ళాను.

మా అమ్మ షర్బత్ చేసే తీరు వేరు. చిత్తూరు దగ్గర మా పల్లెలో పెరట్లో దబ్బచెట్టు ఉండేది. దబ్బపండు తొక్కను పైపైన తురిమి చక్కెరలో వేసి, చక్కెర చెమర్చేదాకా వేళ్ళతో నలిపేది. ఆ వాసన పట్టిన చక్కెరతో పాకం పెట్టి, పూర్తిగా చల్లారిన తర్వాతే నిమ్మరసం కలిపేది. వేడి మీద కలిపితే చేదెక్కుతుందని మమ్మల్ని పొయ్యి దరిదాపులకు రానిచ్చేది కాదు. నిమ్మకాయలు కోసే ముందు గచ్చు మీద అరచేత్తో గట్టిగా దొర్లించడం నా పని. ఐసు తేవడం తమ్ముడి పని.

అప్పట్లో ఫ్రిజ్ ఎక్కడిది? చిత్తూరులో ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ కొని, ఊకలో పొర్లించి, గోనెసంచిలో చుట్టి సైకిలు వెనక కట్టుకుని వచ్చేవాడు. ఏనాడూ సమయానికి వచ్చిన పాపాన పోలేదు. దారిలో గోలీలాట కనబడితే దిగేవాడు, ఎవరైనా బావిలో ఈత కొడుతుంటే దిగేవాడు. ఇంటికి చేరేసరికి గడ్డ సగమయ్యేది, వాడి చొక్కా వెనకంతా తడిసిపోయేది. "పంచరైంది మా," అనేవాడు. అమ్మ వీపు మీద ఒకటి వేసి, మిగిలిన గడ్డను గోనెలోనే ఉంచి రోకలితో పొడి చేసేది. గ్లాసులో సగానికి ఆ ఐసు పొడి, పైన షర్బత్, సుగంధి వేళ్ళతో కాచిన నన్నారి కాస్త, చివర్న వేళ్ళతో చిటికెడు ఉప్పు. అది తాగితే నెత్తి దాకా జిల్లుమనేది.

ఇప్పుడు నేను ఆ పాకంలోనే నిమ్మరసం, నీళ్ళు కలిపి డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెడుతున్నాను. అంచులు గడ్డకట్టగానే తీసి ఫోర్కుతో గీకి మళ్ళీ పెట్టాలి. అలా గీకుతూ పోతే రాయిలా కాకుండా పొడిపొడిగా వస్తుంది. మా పాప దాన్ని సార్బే అంటుంది, ఫోన్లో చూసి నేర్పింది. పేరు ఏదైతేనేం, గ్లాసులో వేసి చల్లటి నీళ్ళు, కాస్త నన్నారి పోస్తే అమ్మ షర్బత్‌కు దగ్గరగా వస్తుంది. దబ్బపండు మాత్రం బజారంతా తిరిగితే గానీ దొరకలేదు. దొరికింది కూడా ముసలి పండు. దాన్నే తురిమాను.

ఇక పెళ్ళి సంగతి. అది కూడా మండుటెండల్లోనే. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకుని మండపానికి తేవాలి. పాపకు ఉన్న ఒకే ఒక్క మేనమామ వాడు. పుట్టినప్పటి నుంచీ దాన్ని నేల మీద నడవనిచ్చేవాడు కాదు. అలాంటివాడు పెళ్ళి పొద్దున, వచ్చినవాళ్ళకు అమ్మ షర్బత్ పోయాలని, ఐసు గడ్డల కోసం తనే రేణిగుంట వైపు వెళ్ళాడు. ఎవరినైనా పంపరా అంటే వినలేదు. తిరిగి వచ్చే దారిలో లారీలు అడ్డంగా ఇరుక్కుపోయి కదలలేదట. ఇక్కడ పంతులు వాచీ చూస్తున్నాడు, వియ్యాలవారు నన్ను చూస్తున్నారు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మా పిన్ని కొడుకుని పిలిచి గంప ఎత్తించాను.

గంప మండపం ఎక్కుతుండగానే వాడు వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. ఐసు గడ్డలు హాలు ముందర దింపించి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ గడ్డలు ఎవరూ ముట్టుకోక అక్కడే కరిగి, ఆ నీళ్ళు జనం చెప్పుల కిందికి పారాయి. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ముహూర్తం దాటిపోతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

కానీ ఇప్పుడు మనవరాలికి చెవులు కుట్టించాలి. జాతర అయిపోగానే పాప వాళ్ళు చెన్నై నుంచి వస్తారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. మా పాపకు అన్నదమ్ములు లేరు. అలాంటప్పుడు మా వైపు తల్లి మేనమామ ఒళ్ళోనే కూర్చోబెడతారు. పాప ఫోన్లో తేల్చి చెప్పేసింది.

"మామ ఒళ్ళో అయితేనే కుట్టించు మా. లేదంటే వద్దు. ఈసారి ఇంకొకర్ని పిలిచినావంటే నేను రాను."

"వాడు రాడే."

"నువ్వు పిలిచినావా?"

పిలవలేదు. పిలిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయం. పిలవకపోతే ఆ పసిదాని చెవుల కోసం ఎవరి ఒడి వెతకాలో తెలియని దిగులు. ఫోన్ తీసి వాడి నంబరు దాకా వెళ్ళడం, పెట్టేయడం. రోజులు ఇలాగే గడిచాయి. అందుకే డబ్బా నింపి ఫ్రీజర్‌లో పెట్టాను. మాటతో పిలవలేనిదాన్ని ఇంకెలా పిలుస్తాను?

బండవేషం రోజు మధ్యాహ్నం దాటింది. ఒక గుంపు వచ్చింది, వాళ్ళలో వాడు లేడు. బక్కెట్లో కలిపి పెట్టిన మజ్జిగ పోశాను. తిట్టారు, దండం పెట్టాను. ఇంకో గుంపు వచ్చింది. వాడు లేడు. డబ్బా తెరిచి చూస్తే అంచుల్లో నీళ్ళు ఊరాయి. తడిగుడ్డ చుట్టి పెట్టాను. అదేమైనా చంటిపిల్లా, గుడ్డ చుడితే ఊరుకోవడానికి? గేటు దాకా వెళ్ళాను, వచ్చాను, చీర మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో నాకే తెలియదు.

"కూచోవే, కాళ్ళు నొప్పొస్తాయి," అన్నాడు మా ఆయన.

"మీ కాళ్ళు కాదు గదా!"

పొద్దు వాలుతుండగా మలుపు దగ్గర డప్పులు వినబడ్డాయి. పక్క వీధికి తిరుగుతాయేమోనని ఊపిరి బిగబట్టాను. తిరగలేదు. ఎర్రటి మనుషులు మా వీధిలోకి వచ్చారు. అందరి ముఖాల మీదా కుంకుమే, ఎవరెవరో పోల్చుకోలేం. కానీ ఎడమ భుజం కాస్త వంచి నడిచే ఆ నడక నేను ఎత్తుకుని తిప్పినవాడిది. ఎప్పటిలాగే అందరికన్నా వెనక వస్తున్నాడు.

మా గేటు దగ్గర ఆగాడు. ముందు బావ వైపు తిరిగాడు.

"ఏరా బట్టతలోడా! పెండ్లాం కొంగు పట్టుకోని తిరిగేవాడా! కూచున్న కాడ నుంచి లేసేదానికి ఒళ్ళు బరువా నీకి?"

మా ఆయన చేతులు జోడించాడు. ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళకు బావమరిది నోట తిట్టు తిన్నాడు మరి.

తర్వాత నా వైపు తిరిగాడు. నేను లోపలికి పరుగెత్తి డబ్బా తెచ్చాను. సగానికి పైగా నీళ్ళే. మధ్యలో తెల్లటి ముద్ద ఇంకా మిగిలి ఉంది. గ్లాసులో వేసి, నీళ్ళు, నన్నారి పోసి, ఉప్పు చిటికెడు వేసి అందించాను. తీసుకున్నాడు. ఆగకుండా తాగాడు. గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట లేదు. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

వీధిలో అందరినీ తిట్టినవాడు నన్ను తిట్టలేదు. పరాయివాళ్ళ ఇంట్లో తాగినట్టు తాగి పోతున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. నాకు ఏడుపు వచ్చినప్పుడల్లా ముందు కోపమే బయటికొస్తుంది.

"ఒరే! నోరు పడిపోయిందా నీకు?" అని అరిచాను. "బావను తిట్టే నోరు నాకాడికొచ్చేసరికి యాడికి పోయింది?"

డప్పులు ఆగిపోయాయి. పక్కింటి పెద్దామె కంగారుగా గోడ దగ్గరికి వచ్చింది. "వేషాన్ని అట్ల అనకూడదు మా, దండం పెట్టుకో!"

"వేషాన్ని కాదు అత్తా, మా తమ్ముణ్ణి అంటా ఉండాను."

వాడు వెనక్కి వచ్చాడు. కుంకుమ మధ్యలో కళ్ళు రెండూ నీళ్ళతో నిండి ఉన్నాయి.

"నోరు రాక కాదే! మొదులు పెడితే యాడ ఆపాల్నో తెలీక!" గొంతు చించుకున్నాడు. "ఎవురి కోసమే నేను ఐసుకు పోయింది? నీ బిడ్డ పెండ్లికొచ్చినోళ్ళు గొంతు తడుపుకోవాలని కాదా? కొంచేపు నిలబడలేకపోయినావా? నా చేతల్లో పెరిగిన బిడ్డను ఇంగొకడు ఎత్తుకోని పోతా ఉంటే, వాకిట్లో నిలబడి సూసినాను గదే!"

"ముహూర్తం నిలబడతాదా నీ కోసం? చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. ఐసు సగం కరిగినాకనే వస్తావు!"

"కరిగినా తెచ్చినాను గదా! ఏపొద్దన్నా ఐసు తేకుండా వట్టి చేతల్తో వచ్చినానా నేను?"

ఏ వేసవిలోనూ వాడు వట్టి చేతులతో రాలేదు.

"చెవులు కుట్టిస్తా ఉండావంట. ఆ మాట నాకి ఊరోళ్ళు సెప్పాల్నా?" వేలు చూపిస్తూ గేటు దాకా వచ్చాడు. "ఆ పసిదాన్ని ఇంగొకడి ఒళ్ళో కూచోబెట్టి సూడు. అప్పుడు సూపిస్తా నీకి, బండవేషం అంటే ఏందో!"

డప్పులు మళ్ళీ మోగాయి. గుంపు వాణ్ణి లాక్కుపోయింది. నేను చేతులు జోడించి నిలబడ్డాను. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు విడదీయలేదు.

రాత్రి కరెంటు రాకముందే, మిగిలిన చార్జింగుతో పాపకు ఫోన్ చేశాను.

"మామ వస్తాడు," అన్నాను.

అది అవతల నుంచి ఒక్క అరుపు అరిచింది. చంటిది ఉలిక్కిపడి ఏడవడం వినిపించింది.

"ఇంకో మాట విను. పంతులుతో నేను మాట్లాడతాను. పొద్దున గడియల్లో ముగిసిపోయేది కాకుండా, మధ్యాహ్నం దాకా ఉండే ముహూర్తం చూడమని చెబుతాను."

"ఎందుకు మా?"

"మీ మామ ఐసు తెస్తాడు," అన్నాను. "వచ్చేదాకా ఆగుదాం."