దేసాంక డిక్కీలో సింహాసనం

నిష్ ఊళ్లో బస్టాండు దగ్గర మా టాక్సీ వరుసలో పద్నాలుగు బళ్లుంటాయి. పదమూడింటి డిక్కీల్లో స్పేరు టైరు, మాసిన గుడ్డలు, ఎవడో దాచుకున్న సారా సీసా. పద్నాలుగోది దేసాంకది. అందులో రెండు పసిపిల్లల సీట్లు, చాకలి ఉతికినట్టు తెల్లటి గుడ్డ కప్పుకుని, కూర్చుని ఉంటాయి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటే ఇదే.

బట్టల మిల్లు మూతపడ్డాక దేసాంక స్టీరింగు పట్టింది. పందొమ్మిదేళ్లయింది. మొదటి ఏడాదే ఒక చిన్న బ్రేకుకు, తల్లి ఒళ్లో ఉన్న పిల్లాడి పెదవి ముందు సీటుకు తగిలి చిట్లింది. రెండు కుట్లతో పోయింది. ఆ తల్లి మర్చిపోయే ఉంటుంది, దేసాంక మర్చిపోలేదు. ఆ వారమే మొదటి సీటు కొంది. మిల్లులో కుట్టుపని చేసిన చేతులు కదా, పట్టీ ఎక్కడ పీలికలైందో, ఎక్కడ మెలిపడిందో వేళ్లతోనే కనిపెడుతుంది. మేం ఆ సీట్లకు సింహాసనాలని పేరు పెట్టాం. మహారాణి గారి సామాను దిగిందా అని రోజూ ఏడిపించేవాళ్లం. అందరికంటే ఎక్కువ ఏడిపించింది నేనే. ఈ జివోయిన్ నోటికి తాళం లేదని మా స్టాండులో సామెత.

అలాంటి నాకు పోయిన శరదృతువులో మనవరాలు పుట్టింది! నా కాళ్లు భూమ్మీద ఆనలేదు. కబురు తెలిసిన గంటలోనే స్నేహితులు మా అబ్బాయి రాస్త్కో చొక్కా చింపారు, తర్వాత నాది చింపారు. మాకది ఆనవాయితీ, బిడ్డ పుడితే తండ్రికీ తాతకీ ఒంటిమీద చొక్కా మిగలకూడదు. నాలుగో రోజు తల్లీబిడ్డల్ని ఇంటికి పంపుతామన్నారు. తీరా చూస్తే పొద్దున్నుంచీ ప్లమ్ సారా పోస్తూ, పోయించుకుంటూ ఉన్న మా ఇద్దరిలో బండి నడపగలిగే వాడెవడూ లేడు. సిగ్గు చంపుకుని దేసాంకకు ఫోన్ చేశాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. పాప బరువెంతని మాత్రం అడిగింది.

ఆసుపత్రి గుమ్మంలో బాకాల మేళం చెవులు బద్దలు కొడుతోంది. రాస్త్కో ఇంకా అదే చింకి చొక్కాతో గెంతుతున్నాడు. కోడలు కలీనా నవ్వుతోంది, ఏడుస్తోంది. మా ఆవిడ స్తోయాంక పాపను దూది కుక్కిన చలికోటులో దూర్చి, మీద ఉన్ని దుప్పటి చుట్టి, ముక్కు తప్ప ఏమీ కనబడకుండా గుండెలకు హత్తుకుని బండెక్కబోయింది. మా ఆడవాళ్లకు దెయ్యమన్నా భయం లేదు, ఈదురుగాలి అంటే ప్రాణం పోతుంది.

దేసాంక ఇంజనాపి, తాళాలు జేబులో వేసుకుంది. పాప సీట్లోకి రావాలి, ముందు కోటు విప్పాలి అంది. లావు కోటు మీద పట్టీ బిగించినా లోపల దూది అణిగిపోతుంది, బిడ్డ జారిపోతుంది అని చెప్పింది. మేళం వాళ్లు కూడా బాకాలు దించి ఇటే చూశారు.

మా ఆవిడ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంది. "నాలుగు రోజుల పసికందమ్మా. గాలి సోకి చెవిపోటొస్తే నీ పట్టీలు చూస్తాయా?"

"చెవిపోటొస్తే డాక్టరున్నాడు వదినా. నీ చేతుల్లోంచి జారితే ఎవరున్నారు?"

"నా చేతుల్లోంచా? యాభై కిలోల మిరపకాయల బస్తాలు మోసిన చేతులే ఇవి. ఉడుం పట్టు."

నాకూ కోపమొచ్చింది, పండగ పూట ఈ చాదస్తమేమిటని. కానీ కలీనా పాపను అందుకుని దేసాంకకిచ్చింది. దేసాంక అప్పటికే హీటరు వేసి కారు వెచ్చగా ఉంచింది. అద్దాలు మూసి, కోటు విప్పి, వెనక సీట్లో వెనక్కి తిరిగి ఉన్న చిన్న సీట్లో పాపను పడుకోబెట్టింది. పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూసింది, మడత దొరకలేదు, బిగువు సరిపోయినట్టే. అప్పుడు మీద దుప్పటి కప్పింది. మమ్మల్నీ బెల్టులు పెట్టుకోమంది. మా ఆవిడ మూతి ముడుచుకుని పాప పక్కనే కూర్చుంది. నర్సులకు పంచగా మిగిలిన జున్ను రొట్టె ఇనప పళ్లెంలో ఉంటే, దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

హారన్లు మోగించుకుంటూ బయల్దేరాం. రాస్త్కో మా వెనక మేళం వాళ్ల కారెక్కాడు. ఇంటి గేటు దగ్గర మేళం ముందుగా ఉండాలని ముందు సీట్లో ఉన్న నేనే కిటికీలోంచి చెయ్యూపాను, మమ్మల్ని దాటిపొమ్మని. వాళ్లు దూసుకుపోయి మా ముందుకొచ్చారు. సరిగ్గా అప్పుడే సందులోంచి మిరపకాయల ట్రాక్టరొకటి అడ్డంగా దిగింది. ముందు కారు ఆగిపోయింది. దేసాంక బ్రేకు మీద నిలబడినంత పని చేసింది.

నా చెవి పక్కనుంచి ఏదో రివ్వున పోయింది. అద్దానికి పెద్ద చప్పుడుతో తగిలింది. జున్నంతా గేరు మీద. ఇనప పళ్లెం సొట్టపడి నా కాళ్ల దగ్గర గిర్రున తిరుగుతోంది. తాగిందంతా దిగిపోయింది. వెనక్కి తిరగడానికి నాకు ధైర్యం చాలలేదు.

తిరిగాను. పాప సీటు అంగుళం కదల్లేదు. అందులోని బంగారు తల్లి మూతి ఇంత చేసి ఆవులించి, మళ్లీ నిద్రపోయింది. పాపకు అవతలి పక్కనున్న కలీనా కొయ్యబారి చూస్తోంది. మా ఆవిడ చేతులు మాత్రం పళ్లెం పట్టుకున్నట్టే ఒళ్లో గుండ్రంగా వంగి ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. ఆ చేతుల్నే చూసుకుంటోంది.

ముందు కారులోంచి రాస్త్కో పరిగెత్తుకొచ్చాడు. అందరం బాగానే ఉన్నామని నేను సైగ చేశాను. దేసాంక గేరు మీది జున్ను తుడుచుకుని, పోదామా అని మెల్లగా అడిగింది.

స్తోయాంక పక్కకు వంగి, దుప్పటి కింద చెయ్యి పెట్టి, పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూసింది.

"ఉండమ్మా," అంది. "నాకు తెలియదు గానీ, నువ్వే వచ్చి ఇంకోసారి చూడు. వదులైందేమో."