సమ్మెలో కొట్టని చెట్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను అడవి పక్కన ఉన్న ఒక కలప డిపోలో వేశారు. చెట్టు కూలడం దగ్గరగా చూసింది అక్కడే. తర్వాత నా సర్వీసు దాదాపు అంతా ఉప్పల్‌లో ఒక అద్దె మేడ మీది ఆఫీసులోనే గడిచింది. కిటికీ తెరిస్తే వరంగల్ బస్సుల హారన్లు, మూస్తే ఉక్కపోత. జిల్లాల్లోని అటవీ డివిజన్లు తాము ఎంత టేకు, ఎంత వెదురు, ఎంత నీలగిరి కొట్టించాయో నెలనెలా రాసి పంపేవి. వాటిని ఒకచోట కూర్చి, తప్పులుంటే తిప్పి పంపి, చివరికి తయారు చేసినవారి చోట సంతకం పెట్టి పై ఆఫీసుకు పంపడం నా పని. పలుకుబడి ఉన్నవాళ్ళెవరూ ఆ సీటు కోరుకునేవారు కాదు.

నాకు మాత్రం ఆ సీటంటే గౌరవం ఉండేది. అందుకు కారణం ఆ డిపోలో చూసిన ఒక సంగతి. ఏటా నరకడానికి గుర్తుపెట్టిన అడవి ముక్కను కూపు అంటారు. ఒక ఏడు వానలు ఎంతకీ ఆగక కూలీలు ఒక కూపులోకి అడుగే పెట్టలేకపోయారు. అయినా నరికేసినట్టే లెక్క పైకి వెళ్ళింది. తర్వాత సర్దుకోవచ్చులే అనుకున్నారు. మరుసటి ఏడు ఆ టేకు పట్టపగలే లారీలెక్కింది. గార్డు అడ్డం వెళితే లారీతో వచ్చిన మనిషి నవ్వాడు. “మీ లెక్కల ఆడ చెట్లే లేవు గద సార్. లేని చెట్లను నేనెట్ల దొంగతనం జేస్త?” అన్నాడు.

గార్డు పక్కకు జరిగి లారీకి దారి ఇచ్చాడు. నేను పక్కనే నిలబడి చూశాను. కాగితం మీద కూలిన చెట్టుకు ఇక కాపలా ఉండదని ఆ రోజు నాకు అర్థమైంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మెకు దిగాము. ఉప్పల్ చౌరస్తా దగ్గర టెంటు వేశారు. నేను పొద్దున నాచారంలో మా ఆయనకు డబ్బా కట్టి ఫ్యాక్టరీకి పంపి, షేర్ ఆటో ఎక్కి టెంటుకు వచ్చేదాన్ని. బతుకమ్మ పండుగ ఆ రోజుల్లోనే వచ్చింది. బస్సులు తిరగని రోడ్డు మీద ఆడవాళ్ళం గునుగుపూలు, తంగేడుపూలు పేర్చి ఆడాము. మా ఆఫీసులోనే పనిచేసే యూనియన్ అన్న మైకు పట్టుకుంటే దారిన పోయేవాళ్ళు కూడా ఆగి వినేవారు.

మా ఆఫీసు నుంచి సమ్మెలో చేరనిది ఒక్కరే. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి, నారపల్లిలో ఇల్లు కట్టుకుని స్థిరపడిన మేడం ఆమె. రాష్ట్రం విడిపోకూడదని ఆమె అభిప్రాయం. దాన్ని ఎక్కడా దాచుకోలేదు. బస్సులు లేవు కాబట్టి వాళ్ళబ్బాయి స్కూటర్ మీద దింపితే, మా టెంటు ముందు నుంచే తల తిప్పకుండా నడిచి వెళ్ళి ఆఫీసు తెరిచేది. ఒకరోజు వెనక నుంచి ఎవరో మాట విసిరితే యూనియన్ అన్నే మైకు దించి వాడిని మందలించాడు. “ఆమె పని ఆమె జేస్కుంటది. మన పని మనం జేద్దాం” అన్నాడు. అంతకుముందు మేడమూ నేనూ రోజూ కలిసి అన్నం తినేవాళ్ళం. సమ్మె మొదలయ్యాక మాటలే లేవు.

సమ్మె నెల దాటి ముగిసింది. తిరిగి పనిలో చేరిన వారంలోనే ఆఫీసరు నన్ను పిలిచాడు. ఆయనదీ మా తెలంగాణ వైపే. సమ్మెలో రెండు మూడుసార్లు టెంటు దగ్గరికి వచ్చి చేతులూపి వెళ్ళినవాడే.

“ఆ సమ్మె రోజులకు కోత సున్నా అని పోతే పైన ఊకోరు. పోయిన ఏడు ఇవే నెలల అంకెలు తీస్కో. జర అటిటు చేసి పెట్టు.”

“డివిజన్ల నుంచి ఏం రాలేదు గద సార్.”

“వస్తయి. వాళ్ళతోని మాట్లాడిన. ముందుగాల మనం పంపుతం, తర్వాత వాళ్ళు దానికి సరిపోయేటట్టు రాస్తరు.”

కింది నుంచి పైకి రావలసిన లెక్క పై నుంచి కిందికి దిగడం నా సర్వీసులో అదే మొదటిసారి వినడం.

“సార్, డిపోలు మూసే ఉన్నయి. కూలీలు రాలేదు. గార్డులు సుత ధర్నాల్నే కూసున్నరు. మరి చెట్లు ఎవరు కొట్టిన్రు?”

“ఎవరు కొడ్తే నీకేంది? నువ్వు కొట్టాల్సింది కంప్యూటర్ల అంకెలు.”

సీటుకు వచ్చి కూర్చున్నాను. ఆ రోజులకు ఎదురుగా సున్నా పెట్టాను. పక్కన “సమ్మె కారణంగా కోత జరగలేదు” అని రాసి, సంతకం పెట్టి లోపలికి పంపాను. సాయంత్రానికి తిరిగి వచ్చింది. మర్నాడు దాన్నే మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి ప్యూను కాగితం నా బల్ల మీద పెట్టి, “ఏంది మేడం, దీన్ని దింపుడు ఎక్కిచ్చుడే అయితున్నది” అన్నాడు.

ఆఫీసరు సంగతి సరే. నన్ను కష్టపెట్టింది యూనియన్ అన్న. కింద చాయ్ బండి దగ్గరికి రమ్మన్నాడు.

“చెల్లే, నువ్వు గిట్ల మొండికేస్తే దెబ్బ మనోళ్ళకే. పని ఆగిందని మన చేత్తోని మనమే రాసిస్తే, రేపు దాన్ని పట్టుకొని మన మీదికే వస్తరు.”

“అన్నా, పని ఆగాలనే గద సమ్మె జేసినం. మైకుల నువ్వే చెప్పినవ్, ఒక్క ఫైలు కదలది, ఒక్క చెట్టు పడది అని. గిప్పుడు చెట్లు పడ్డయని నేను రాస్తే, మనం ఆడ కూసున్నది అబద్ధమా?”

“రాజకీయం వేరు, ఆఫీసు వేరు చెల్లే.”

“నాకు ఉన్నది ఒక్కటే సంతకం అన్నా. రెండింటికీ అదే పెడ్త.”

ఆయన గ్లాసు బండి మీద పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. అందుకే నాకు అంత కోపం వచ్చింది.

ఇంట్లో మా ఆయన అన్నం తింటూ అంతా విన్నాడు. “నువ్వొక్కదానివి సున్నా పెడ్తే అడవి ఆగుతదా?” అన్నాడు.

“ఆగకుంటే ఆగకపోనీ. నా పేరు మీద మాత్రం ఒక్క చెట్టు పోదు.”

“ఎక్కడికన్న ఎత్తేస్తరు మల్ల.”

“ఎత్తేస్తే పోదాం.”

ఆయన తల అడ్డంగా ఊపి, నా కంచంలో ఇంకొంచెం కూర వేశాడు. ఆ విషయంలో మళ్ళీ నన్ను ఆపలేదు.

అనుకున్నట్టే నా సీటు మార్చారు. వచ్చిన ఉత్తరాలు అందుకుని ముద్ర కొట్టే టపా సెక్షన్‌కు నన్ను పంపి, నా సీటు నారపల్లి మేడంకు ఇచ్చారు. ఆఫీసరు ఆలోచన అందరికీ అర్థమైంది. సమ్మె అంటే గిట్టని మనిషి కనుక సమ్మె జరిగిన గుర్తు కాగితం మీద ఉండాలని ఆమెకెందుకుంటుంది? నేనూ అలాగే అనుకున్నాను. ఇక అయిపోయిందని ఆశ వదులుకున్నాను.

రెండు రోజుల తర్వాత టపా ఇవ్వడానికి ఆఫీసరు గదిలోకి వెళ్ళేసరికి మేడం ఆయన ఎదురుగా నిలబడి ఉంది.

“మీరైతే సమ్మె గిమ్మె అనరనుకున్న. మీరు గుడ సున్నానే పెట్టిన్రేంది?” అంటున్నాడాయన.

“ఇంకేం పెట్టమంటారండీ? ఆ రోజుల్లో ఆఫీసులో ఉన్నది నేనొక్కదాన్నే. పొద్దున్న తాళం తీసిందీ నేనే, ఉత్తరాలు అందుకుందీ నేనే. కోత జరిగిందని ఒక్క కవరు రాలేదు. ఒక్క ఫోను రాలేదు. వచ్చిందని ఎలా రాయను?”

“మీరు సమ్మెకు వ్యతిరేకం గద?”

“వ్యతిరేకమేనండి. ఇప్పటికీ వ్యతిరేకమే. అయినా జరిగిన సమ్మెను జరగలేదనడం నాకు చేతకాదు.”

నేను టపా బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. ఆ మధ్యాహ్నం ఆమె తన అన్నం డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నీ కోసం రాయలేదమ్మాయ్” అంది.

“తెలుసు మేడం.”

“మీ తెలంగాణ కోసం అసలు రాయలేదు.”

“అది ఇంకా మంచిగ తెలుసు.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. పప్పుచారు పంచుకుని తిన్నాము.

తయారు చేసినవారి సంతకం లేకుండా ఆ నివేదిక పోదు. సంతకం పెట్టేవాళ్ళు సున్నా తప్ప ఇంకోటి పెట్టరు. పై నుంచి ఇంకా ఎందుకు రాలేదని కబురు మీద కబురు వచ్చేసరికి ఆఫీసరు విధిలేక సున్నాతోనే పంపించాడు. మా ఇద్దరికీ సంజాయిషీ మెమోలు వచ్చాయి. మేడం రెండు పేజీల జవాబు రాసింది. నేను “జరిగినది రాశాను” అని మాత్రం రాశాను.

ఆ తెలివికి ఫలితంగా నన్ను జవహర్‌నగర్ దిక్కున మొక్కలు పెంచే నర్సరీకి డెప్యుటేషన్ మీద పంపారు. “లెక్కలంటే ఇష్టం గద, మొక్కలు లెక్కపెట్టు” అన్నాడట ఆఫీసరు. ఊరి చెత్తంతా పోసే డంపింగ్ యార్డు అక్కడే. గాలి అటు నుంచి వీస్తే ఆ కంపంతా ముక్కులోకి వచ్చేది. చీరకొంగు ముక్కుకు కట్టుకుని మడుల మధ్య తిరిగాను. ఎండకు మాడిపోయిన మొక్కలను అక్కడ బతికినవాటిలో కలిపి రాసే అలవాటుండేది. నేను చచ్చినవి చచ్చినట్టే రాశాను. అక్కడివాళ్ళు కూడా నన్ను చూసి నిట్టూర్చడం మొదలుపెట్టారు.

ఎండాకాలం చివర్లో మేడం ఫోను చేసింది. ఒక చెక్‌పోస్టు దగ్గర టేకు లారీలు ఆపారట. ఆ దుంగలు సమ్మె రోజుల్లో కొట్టినవని పర్మిట్ కాగితాల్లో ఉందట. “ఆ రోజుల్లో కోతే లేదని మన రిపోర్టులో ఉంది కదమ్మాయ్. ఇంకేం చెబుతారు? సరుకంతా దింపించేశారు” అంది. ఎవరికైనా శిక్ష పడిందని నేను వినలేదు. వేరే దారుల్లో ఎన్ని లారీలు దాటిపోయాయో కూడా నాకు తెలియదు. ఆ లారీలు మాత్రం దాటలేదు. నర్సరీలో షెడ్డు కింద కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలియక కొంగుతో మొహం తుడుచుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. మేడం అప్పటికి రిటైరై నారపల్లిలోనే ఉండిపోయింది. ఆ సీటులో కూర్చునేవాళ్ళు దొరకక నన్ను మళ్ళీ ఉప్పల్‌కు పిలిచారు. మెట్రో స్తంభాల కోసం రోడ్డు తవ్వేసి ఉంది. నాచారం నుంచి రావడానికి ఇదివరకటికి రెట్టింపు సమయం పట్టేది.

కొత్త ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. కూర్చోమని చెప్పి, నేనిచ్చిన మొదటి నివేదిక చూశాడు. కొన్ని డివిజన్ల చోట “నివేదిక అందలేదు” అని ఉంది.

“మేడం, కొత్త రాష్ట్రం. మనం పంపే మొదటి రిపోర్టు. ఇన్ని ఖాళీలు ఉంటే మంచిగుండదు. జర నిండుగ కనబడాలె.”

“ఇన్నేండ్లు పరాయిదన్నం సార్. ఇప్పుడు మనదే గద. మనదానికి ఇంకా సక్కగ రాయాలె.”

ఆయన పక్కనున్న పాత ఫైలు మీద వేలు పెట్టాడు.

“దీంట్ల మీ గురించి ముందే రాసి పెట్టిన్రు.”

“ఏమని సార్?”

“చెప్పిన మాట వినదు అని.”

“అది నిజమే రాసిన్రు సార్” అన్నాను.

ఆయన పెన్ను తీసి, ఖాళీలు ఖాళీలుగానే ఉన్న నా నివేదిక మీద సంతకం పెట్టాడు.