రాఘవయ్య మాస్టారి సంతకం

తాడేపల్లిగూడెంలో నేను సగంలో వదిలేసిన కాలేజీలో పాఠం చెప్పడం వచ్చిన మనిషి ఒక్కరే. ఇంగ్లీషు మాస్టారు రాఘవయ్య. పెదపాడు నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు.

పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడు వేదం చెప్పిన తాతగారు స్వరం లేచేచోట ఆయన తల పట్టుకుని ఎత్తి, దిగేచోట దించేవారట. ఆ పద్ధతినే ఇంగ్లీషుకు పెట్టారాయన. తలకు బదులు చెయ్యి.

'యాక్టివ్' అని రాసేవారు. నొక్కి పలకాల్సిన మొదటి ముక్క దగ్గర చెయ్యి లేవాలి. దానికి 'ఇటీ' తోక తగిలించేవారు. "ఇప్పుడు బలం రెండో ముక్కకు జరిగింది. అన్నిటినీ ఒకే బరువుతో ఈడ్చకండమ్మా!" అరవై చేతులు ఒక్కసారి లేచేవి. కొల్లేరు చెరువుల వైపు నుంచి వచ్చిన ఏలీయా మొదట్లో నోరే విప్పేవాడు కాదు. మూడో నెలకు 'రెస్పాన్సిబిలిటీ'ని ఆరు ముక్కలుగా విరిచి, 'బి' దగ్గర చెయ్యెత్తి, గడగడా అనేశాడు.

ఎవడో వెధవ కిటికీలోంచి వీడియో తీసి పంచాడు. నేను టీసీ కోసం ఆఫీసులో నిలబడి ఉండగానే కరస్పాండెంట్ చలపతిరావు మాస్టార్ని పిలిపించాడు.

"ఏవండీ, ఇది కాలేజీయా, భజన మందిరమా? పేరెంట్స్ నవ్వుతున్నారండీ."

"చెయ్యి లేస్తే గొంతు లేస్తుందండీ, అందుకని..."

"అయితే ట్రాఫిక్ పోలీసులో చేరండి!"

గుమస్తాలు పళ్లికిలించారు. చలపతిరావు కాగితం తోశాడు. క్లాసులో ఇకమీదట చేతులు ఎత్తించనని రాసి ఉంది. సంతకం పెట్టకపోతే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

మాస్టారు దాన్ని చింపి మొహాన కొడతారనుకున్నాను. "పెన్ను ఇస్తారాండీ" అన్నారు. ఇరవై రెండేళ్లు పనిచేసిన చోట!

"పెట్టకండి మాస్టారూ!" అని అరిచాను.

"నీకేం నాయనా, మానేసి పోతున్నావు. నాకింకా ఏడేళ్ల సర్వీసు ఉంది" అని సంతకం పెట్టారు.

టీసీ మధ్యాహ్నం ఇస్తామన్నారు. ఒళ్లు మండుతూనే ఆయన క్లాసుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన కుర్చీలోంచి లేవకుండా 'ఎలక్ట్రిసిటీ' అని చదివారు. ఏలీయా చెయ్యి లేచింది.

"దించు."

నాగశ్రీ లేచి, "బలం ఎక్కడండీ?" అంది.

"పుస్తకంలో గుర్తు పెట్టి ఉంటుందమ్మా. చూసుకోండి."

ఆ క్లాసులో పుస్తకం ముగ్గురి దగ్గరే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.