తెలియదనే మాస్టారు

మా స్టాటిస్టిక్స్ మాస్టారు పోయారని పలాస నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన మేనల్లుడు. "కిడ్నీ కాదమ్మా, గుండె" అని నేను అడక్కముందే చెప్పేశాడు. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఎవరు పోయినా మొదటి ప్రశ్న అదే. పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా గుమ్మంలోనే ఆ సంగతి కనుక్కుని, తర్వాత లోపలికి వెళ్ళి ఏడ్చారు. మాస్టారు ఉంటే వాళ్ళ మీద విసుక్కునేవారు.

ఆయనతో మాట్లాడటం తేలిక కాదు. పోయారు కదా అని అబద్ధం చెప్పలేను. ఎండ మండిపోతోంది సార్ అంటే "దేనితో పోలిస్తే?" అనేవారు. ఒకసారి కూరలో ఉప్పెక్కువైందని భార్యతో అన్నారట. ఆవిడ ఒళ్ళు మండి అదే ప్రశ్న తిరిగి వేస్తే, కంచం ముందు కూర్చుని నిజంగానే ఆలోచించారట. ఫలానా అలవాటుంటే జబ్బు మూడు రెట్లని పేపర్లో పడితే ఆ పూట ఆయనకు టిఫిన్ సహించేది కాదు. "ఆడ్స్ నిష్పత్తి మూడొచ్చుంటుంది. అవకాశమే మూడింతలని ఎవడు సెప్పేడు ఈడికి?" అంటూ ఆ పేపరునే మడిచి విసురుకునేవారు.

కాలేజీలో మాకు ఆడ్స్ నేర్పింది జీడిపిక్కలతో. ఐదు పిక్కలు కొడితే ఒకదాని పప్పు విరిగింది. విరిగే అవకాశం ఐదింట ఒకటి. ఆడ్స్ అంటే మాత్రం విరిగినదాన్ని విరగనివాటి పక్కన పెట్టి చూడటం, నాలుగింటికి ఒకటి. ఇద్దరు కొట్టేవాళ్ళుంటే ఒకరి ఆడ్స్‌ని రెండోవారి ఆడ్స్‌తో భాగించాలి. ఒకటి వస్తే ఇద్దరికీ తేడా లేనట్టు. ఇంతే సంగతి. ఇంత చెప్పడానికి మా ప్రాణాలు తోడేశారు.

ఆయన రిటైరయ్యాక, ఇప్పటికి పదేళ్ళ కిందట, వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరికి డాక్టర్ల బృందం వచ్చింది. ఊళ్ళో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఉన్నవి రెండు బావులు. నడి ఊళ్ళో పాతది, జీడితోటలు దాటాక ఇంకొకటి. పాత బావి నీళ్ళు వదిలెయ్యాలా వద్దా, అదొక్కటి చెప్పండి చాలు అన్నారు ఊరివాళ్ళు. లెక్కలకు మాస్టారు తనంతట తానే వెళ్ళి, ఇళ్ళ వెంట తిరిగి అడగడానికి నన్ను లాక్కెళ్ళారు. జబ్బున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ మనమే ఏరి తెచ్చుకున్నప్పుడు, జబ్బు ఎంతమందికి వస్తుందో చెప్పలేం. పాత బావి నీళ్ళు తాగిన ఆడ్స్ జబ్బున్నవాళ్ళలో ఎంత, లేనివాళ్ళలో ఎంత అని మాత్రం పోల్చగలం. అందుకే ఆడ్స్.

నిష్పత్తి దాదాపు ఒకటి వచ్చింది. కుర్ర డాక్టరు గారు సంబరపడి, పాత బావి తప్పేం లేదని మర్నాడు మీటింగులో చెప్పేద్దామన్నారు. మాస్టారు బల్ల మీద, ఏ బావి నీళ్ళు, జబ్బుందా లేదా అని నాలుగు గళ్ళకు జీడిపప్పుతో నాలుగు కుప్పలు పోసి కూర్చున్నారు. డాక్టరు గారు వింటూ వింటూ ఒక కుప్పలోంచి నోట్లో వేసుకుంటున్నారు.

"జబ్బున్నోల్ల గడి తినేత్తన్నారు బాబూ" అని మాస్టారు ఆ కుప్పకు చెయ్యి అడ్డం పెట్టారు. "ఇంతకీ జబ్బు లేనోల్లని ఎక్కడ పట్టేరు?"

"రోగులకి తోడు వచ్చినవాళ్ళే కదండీ. చేతికి అందుబాటులో ఉన్నారు."

"తోడొచ్చిందెవరు? పెళ్ళాం, తమ్ముడు, బావ. ఒకే బిందెలో ముంచుకుని తాగినోల్లు. ఆల్లని రెండేపులా కూకోబెట్టి నీల్లలో తేడా కనబడలేదంటే ఎలాగ?"

"మరి రేపు ఊరికి ఏం చెప్పను?"

"తెలీదని సెప్పండి."

మర్నాడు మీటింగులో డాక్టరు గారు కాయితాలు మాస్టారి వైపు జరిపేశారు. మాస్టారే లేచి చెప్పారు, ఒకే బిందె సంగతితో సహా. ఊరు ఊరంతా మండిపడింది. మొగుడు మంచాన పడ్డ ఒకావిడ మాస్టారి ముందుకే వచ్చింది. "ఇన్ని సూదులు పొడిసి, ఇంత రగతం తీసి, తెలీదంతారేటి? సిగ్గు నేదా మీకు?" ఆయన తల వంచుకుని విన్నారు.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి వేరే వీధుల్లో, సంబంధం లేని ఇళ్ళలో జబ్బు లేనివాళ్ళని అడిగాం. నిష్పత్తి ఒకటి దాటింది. దాటితే ఏం, అడిగింది కొద్దిమందినే కాబట్టి అసలు సంగతి ఒకటికి ఇటైనా ఉండొచ్చు, అటైనా ఉండొచ్చట. నాకు తిక్క రేగింది.

"ఏదో ఒకటి తేల్చండి సార్. ఆ బావి మూయించేద్దాం."

"మూయించి ఏటి తాగమంతావు? ఆ రెండోది మంచిదని నీకెవరు సెప్పేరు? ఇంకా సానామందిని అడగాలే."

బృందం వెళ్ళిపోయింది. ఇంకా చాలామందిని అడిగే పని అలాగే ఉండిపోయింది. ఆ ఊరికి మంచో చెడో ఒక్క మాట చెప్పకుండా ఆయన కూడా పోయారు. ఇప్పుడు టెక్కలిలో నేనూ పిల్లలకి జీడిపిక్కలతోనే చెబుతాను. ఒక అంకె చూడగానే ఎవరిని ఎవరితో పోల్చారని అడిగే రోగం నాకూ అంటుకుంది. అది ఆయన పెట్టిన భిక్షే. అయినా ఆయన మీద కోపం తగ్గలేదు. కోప్పడదామంటే ఆయన లేరు, అది ఇంకా కష్టంగా ఉంది.

పెద్దకార్యం భోజనాలయ్యాక ఆ ఊరు మీదుగా వచ్చాను. అప్పుడు తిట్టినావిడ గుర్తుపట్టి ఇంట్లోకి పిలిచింది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు.

"సారు పోనారంట గదా. ఆయన్ని నానా మాటలూ అన్నాను" అంది. నాకు పీట వాల్చి, "ఇప్పుడైనా తెలిసిందేటమ్మా?" అని అడిగింది.

"తెలీదు" అన్నాను. ఆ మాట అనడం ఎంత కష్టమో నోట్లోంచి వచ్చాకే అర్థమైంది.

ఆవిడేమీ కోప్పడలేదు. మూల ఉన్న రెండు బిందెలు చూపించింది. ఒకదాని మెడకు ఎర్రగుడ్డ కట్టి ఉంది.

"ఒకే బిందెలో తాగినోల్ల మద్దిన తేడా కనబడదని సారే సెప్పేరు గదా. అందుకే ఏరు సేసేసినాను. గుడ్డ కట్టింది తోటల అవతలి బావిది, మా పిల్లకి. ఇది పాత బావిది, నాకు. నాకేటీ అవకపోతే అప్పుడు పిల్లకీ ఇయ్యే ఇత్తాను."

ఒక్క మనిషితో నిష్పత్తి కట్టలేమని మాస్టారైతే చెప్పేవారు. ఆవిడ పాత బావి బిందెలో గ్లాసు ముంచి, నిలబడే సగం తాగి, మిగతా సగం చేత్తో పట్టుకుని, కూతురు బడి నుంచి వచ్చే దారి వైపు చూస్తూ ఉంది.