పైగది పెట్టెలు

"రేపటికల్లా ఆ పెట్టెలన్నా పోవాలె, నువ్వన్నా పోవాలె!"

"ఆంధ్రావాణ్ణని పొమ్మంటున్నారా, మామ్మగారూ?"

"నీ ఊరుతోని నాకేం పని? నా గోడలు అదురుతున్నయి బిడ్డా!"

తెలంగాణ ఉద్యమం రోజులవి. మా కూకట్‌పల్లి ఇంటి పైగదిలో కిరాయికుండి, మా నాయనమ్మతో ఆ మాటలు పడ్డ అతనిది హైటెక్ సిటీలో ఉద్యోగం. బంద్ వస్తే చాలు, చెక్కలు కోసి, లోపల దూది కూరి, సొంతంగా స్పీకరు పెట్టెలు చేసుకునేవాడు. పోనీ, ఒక్క పాటైనా చివరిదాకా విన్నాడా? పల్లవి కాగానే ఆపేసి, పెట్టెకు చెవి ఆనించి, "ఇంకా తేటగా రావాలండీ" అని మళ్లీ మరలు విప్పేవాడు. పెళ్లికూతురిని చూడబోయి ఆ ఇంటి దూలాలు చూసొచ్చే రకం.

మర్నాడు పొద్దున మా వీధి మలుపులో ఉద్యమంవాళ్లు దీక్షకు కూర్చున్నారు. మైకుసెట్టు దొరకలేదని దీక్షవాళ్లు అడిగితే, గది దక్కుతుందనుకున్నాడో ఏమో, పెట్టెలు తానే మోసుకెళ్లాడు. నాయకుడు "జై తెలంగాణ" అని గొంతెత్తగానే ఇతను లేచి, "కొంచెం మెల్లగా అనండి సార్, శబ్దం పగులుతోంది" అన్నాడు.

గంట తిరక్కముందే దీక్షవాళ్లే పెట్టెలను మోసుకొచ్చి, మా పైగదిలో పెట్టి పోయారు.